రాగి మీద ఎనామిల్: కాల్చిన నాలుగో రోజున పగిలింది, తప్పెక్కడ జరిగింది?

రేకుపిట్ట · సోమవారం సాయంత్రం

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా ఇక్కడ అన్నీ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

రాగి రేకు మీద రంగు గాజు పొడి చల్లి, కొలిమిలో కరిగించే ఎనామిల్ పని నేర్చుకుంటున్నాను. తలుపులకు వేసే ఎనామిల్ పెయింట్ కాదు, అసలైన గాజు. చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ ఉంది, లోపలి వేడి చూపించే మీటరు కూడా ఉంది. గురువంటూ ఎవరూ లేరు. పుస్తకాలు, వీడియోలు చూసి చేస్తున్నాను.

పోయిన వారం 5 సెంటీమీటర్ల గుండ్రటి రేకు ఒకటి చేశాను. మందం అర మిల్లీమీటరు, రంగు ముదురు నీలం. మూడుసార్లు పొడి చల్లి, మూడుసార్లూ 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండున్నర నిమిషాల చొప్పున కాల్చాను. చల్లారాక చూస్తే నిండు చెరువులా మెరిసింది. సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బల్ల మీద పెట్టుకుని రోజూ చూసుకున్నాను. నాలుగో రోజు రాత్రి గదిలోంచి "టింగ్" అని శబ్దం. వెళ్ళి చూస్తే మధ్యలోంచి అంచు దాకా వెంట్రుకంత గీత. తెల్లారేసరికి మూడు గీతలయ్యాయి, అంచు దగ్గర ఒక పెచ్చు ఊడి పడింది.

ఎవరూ ముట్టుకోలేదు, కింద పడలేదు. రేకు కాస్త వంగినట్టు కూడా ఉంది. నీలం వైపు పైకి ఉబ్బి, మూతలా తయారైంది. నాలుగు రోజులు బాగున్నది అప్పుడెందుకు పగలాలి?

సుత్తిపటకారు · సోమవారం రాత్రి

వెనకవైపు ఎనామిల్ వేశారా?

రేకుపిట్ట · సోమవారం రాత్రి

లేదండీ. వెనక ఎవరికీ కనపడదు కదా అని వదిలేశాను. శుభ్రం చేసి రాగి రంగు అలాగే ఉంచాను.

సుత్తిపటకారు · సోమవారం రాత్రి

అయితే కారణం అదే. బాధపడకండి, ఈ పని మొదలుపెట్టిన వాళ్ళలో చాలామందికి ఆ "టింగ్" ఒకసారైనా వినపడే ఉంటుంది.

వేడికి రాగీ సాగుతుంది, గాజూ సాగుతుంది. కానీ సమానంగా కాదు. కొలిమిలో ఉన్నంతసేపూ గాజు మెత్తగా ఉంటుంది కాబట్టి రెండింటికీ తగువు లేదు. బయటికి తీశాక కొంత వేడి దిగేసరికి గాజు గట్టిపడి రాగిని గట్టిగా కరుచుకుంటుంది. అక్కణ్ణుంచి రెండూ కలిసే కుంచించుకోవాలి. రాగి ఎక్కువ కుంచించుకుంటుంది, గాజు తక్కువ. ఒకవైపే గాజు ఉంటే, రాగి తాను ముడుచుకుంటూ రేకు మొత్తాన్ని వంచేస్తుంది. మీది మూతలా ఉబ్బింది అందుకే.

గాజు ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం తట్టుకోలేదు. వంగిన రేకు మీద, ఉబ్బిన వైపు పైపొర లాగుడులో పడుతుంది. కంటికి కనపడని చిన్న చిన్న బీటలు అక్కడ ముందే ఉంటాయి. ఆ లాగుడుకి అవి రోజురోజుకీ కొద్దికొద్దిగా పాకుతాయి, గాలిలోని తేమ వాటికి ఇంకాస్త సాయం చేస్తుంది. నాలుగు రోజులు పట్టింది అందుకే. ఒక్కోసారి నెలలు కూడా పడుతుంది.

వెనక కూడా దాదాపు అంతే మందంలో గాజు ఉంటే రెండు వైపుల బలాలూ సరితూగుతాయి, రేకు వంగదు. దీన్ని కౌంటర్ ఎనామిల్ అంటారు. నా వరకు నేను ముందు వెనకవైపే వేసి కాలుస్తాను, తర్వాతే ముఖం సంగతి.

గాజుపలుకు · సోమవారం రాత్రి

పైన చెప్పినదానికి లెక్క జోడిస్తాను, ఒకసారి అంకెల్లో చూస్తే మళ్ళీ మర్చిపోరు.

డిగ్రీ వేడికి రాగి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 17 వంతులు సాగుతుంది. వెండి 19 దాకా, ఉక్కు 12 దగ్గర. మీ 5 సెంటీమీటర్ల రేకు 500 డిగ్రీల నుంచి గది వేడికి దిగేసరికి అడ్డంగా దాదాపు 0.4 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. గాజుకి అది కొండంత దూరం. అందుకే రాగికి, వెండికి వాడే ఎనామిల్ గాజుని లోహానికి దగ్గరగా, కానీ దానికంటే ఒక పిసరు తక్కువ సాగేలా తయారుచేస్తారు. అప్పుడు చల్లారాక గాజు ఎప్పుడూ కొంచెం నొక్కుడులోనే ఉంటుంది. అది దానికి మంచిది.

మీ రేకు విషయంలో ఇంకో సంగతి ఉంది. అర మిల్లీమీటరు రాగి మీద మూడు పొరలంటే ఎక్కువే. పలచటి లోహం మీద మందపాటి గాజు పడితే లోహం మాట గాజు వినదు. వచ్చేసారి ముక్కాలు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు రేకు తీసుకోండి. దాన్ని కాస్త బోర్లించిన గిన్నెలా గుండ్రంగా కొట్టుకుంటే ఇంకా మేలు. చదును రేకు కన్నా ఉబ్బెత్తు రేకు వంపుని బాగా తట్టుకుంటుంది.

నీలిచుక్క · మంగళవారం ఉదయం

నేనూ కొత్తే. ఒక సందేహం. గాజు కావాలంతే అయితే పాత సీసాలు నూరి పొడి చేసుకుంటే సరిపోదా? రంగు సీసాలు బోలెడు ఉన్నాయి.

గాజుపలుకు · మంగళవారం ఉదయం

అతకదండీ. మామూలు సీసా గాజు సాగుడు 9 దగ్గర ఉంటుంది, రాగిలో సగానికి కాస్త ఎక్కువ. కరిగినప్పుడు అంటుకున్నట్టే ఉంటుంది, చల్లారుతుండగానే పెచ్చులు పెచ్చులుగా ఎగిరి పడుతుంది. ఒక గాజు రాగికి పనికొస్తుందా లేదా అన్నది చూపులో తెలియదు, ఈ అంకెలోనే ఉంది.

కొలిమికబుర్లు · మంగళవారం మధ్యాహ్నం

ఇత్తడి మీద కూడా చేయొచ్చని ఎవరో చెప్పారు, రాగి కంటే గట్టిగా ఉంటుంది కదా. రేకుపిట్ట గారు అది ప్రయత్నించి చూడొచ్చేమో.

సుత్తిపటకారు · మంగళవారం మధ్యాహ్నం

మామూలు ఇత్తడి వద్దు. అందులో జింకు ఎక్కువ. ఎనామిల్ కరిగే వేడికి జింకు ఉపరితలం దగ్గర ఆవిరై, ఆక్సైడై గాజుని పట్టు నిలవనివ్వదు. పూత మొదట బాగానే వచ్చినట్టుంటుంది, తర్వాత పొరలాగా లేచిపోతుంది. జింకు 5 శాతం దాకా ఉన్న రాగి మిశ్రమం మీద కొందరు చేస్తారు, నేర్చుకునేవాళ్ళకి మాత్రం స్వచ్ఛమైన రాగే మంచి గురువు. జింకు పూసిన ఇనుప రేకుల జోలికి అసలు పోవద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

రేకుపిట్ట · శుక్రవారం రాత్రి

అందరికీ చాలా థ్యాంక్స్. చెప్పినట్టే చేశాను. ఒక మిల్లీమీటరు రాగి, కొద్దిగా ఉబ్బెత్తుగా. ముందు వెనకవైపు నలుపు చల్లి కాల్చాను. తర్వాత ముఖం మీద నీలం. ఈసారి పగలలేదు, వంగలేదు. కానీ కొత్త తలనొప్పులు మూడు:

నీలంలో అక్కడక్కడ నల్లటి చుక్కలు, మిరియాల పొడి చల్లినట్టు.
ఒకచోట సూదిమొనంత గుంటలు, నాలుగైదు పక్కపక్కనే.
వెనకవైపు నలుపు స్టాండుకి అంటుకుపోయింది. పట్టి లాగితే ఒక ముక్క దానితోనే వచ్చేసింది.

వెండితీగ · శుక్రవారం రాత్రి

చుక్కల సంగతి నాకు తెలుసు, ఎందుకంటే మొదటి ఏడాదంతా నన్ను ఏడిపించినవి అవే.

రాగి ఎర్రగా కాలితే పైన నల్లటి ఆక్సైడు పెచ్చు కడుతుంది. అది చల్లారేటప్పుడు చిటపటమని ఎగురుతుంది, ఒక ముక్క పది అంగుళాల దూరం కూడా పోతుంది. అది మీ గాజు పొడి మీద పడి, తర్వాతి కాల్పులో లోపలే కరిగి నల్ల చుక్కై కూర్చుంటుంది. మీరు వెనకవైపు కాల్చినప్పుడు ముఖం వైపు బోసి రాగే కదా, దాని మీద ఈ పెచ్చు కట్టి ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేశారా?

రేకుపిట్ట · శుక్రవారం రాత్రి

గుడ్డతో తుడిచానండీ. నల్లగా మిగిలింది కొంచెం, కాలిస్తే పోతుందనుకున్నాను.

వెండితీగ · శనివారం ఉదయం

పోదు. కాల్చినకొద్దీ పెరుగుతుంది. చెప్తాను, కాస్త పెద్ద పోస్టు అవుతుంది.

రేకు చల్లారాక నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో వేసి ఉంచండి, నలుపంతా వదిలి గులాబి రంగు రాగి బయటపడే దాకా. తీశాక ప్యూమిస్ పొడితోనో, సన్నటి ఎమెరీ కాగితంతోనో నీళ్ళ కింద తోమండి. అప్పుడు పరీక్ష. రేకుని నీటి ధార కింద పట్టి ఏటవాలుగా ఉంచండి. నీళ్ళు పరుపు పరిచినట్టు మొత్తం అంటుకుని నిలిస్తే శుభ్రమైనట్టు. చుక్కలు చుక్కలుగా విడిపోయి జారితే ఎక్కడో జిడ్డు ఉంది, మళ్ళీ తోమాలి. ఈ పరీక్షయ్యాక రేకుని అంచులు పట్టుకుని తప్ప ముట్టుకోవద్దు. వేలిముద్రలో ఉండే జిడ్డే తర్వాత గుంటగా మారుతుంది.

మీ సూదిమొన గుంటలు జిడ్డు వల్ల కావచ్చు, తడి వల్ల కావచ్చు. జిగురు నీళ్ళు చిమ్మి దాని మీద పొడి చల్లారా?

రేకుపిట్ట · శనివారం ఉదయం

అవును. చల్లి ఐదు నిమిషాలు ఆరబెట్టి లోపల పెట్టాను.

వెండితీగ · శనివారం ఉదయం

ఐదు నిమిషాలు చాలవు. పైకి ఆరినట్టు కనిపించినా అడుగున తడి ఉంటుంది. 800 డిగ్రీల్లో అది ఒక్కసారిగా ఆవిరై గాజుని చీల్చుకుని బయటికొస్తుంది. కిల్న్ పైకప్పు మీద పెట్టి ఆరబెట్టండి. తలుపు తీసి రేకుని గుమ్మం దగ్గర రెండు సెకన్లు పట్టుకుంటే ఆవిరి లేస్తుందో లేదో కనపడుతుంది. లేస్తే వెనక్కి తీసేయండి. ఇది మాత్రం తొందరపడితే కుదరని చోటు. నేను పది నిమిషాలు ఆదా చేయబోయి రెండు రోజుల పని పాడుచేసుకున్నాను, అదీ ఒకసారి కాదు.

సుత్తిపటకారు · శనివారం ఉదయం

స్టాండు గురించి. వెనక కూడా గాజు ఉన్నప్పుడు రేకుని చదును పలక మీద పెట్టకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు మూడు కాళ్ల స్టాండు తీసుకోండి, రేకు అంచులు మాత్రమే దాని కొసలకు ఆనాలి. వెనక అంచు చుట్టూ ఒక మిల్లీమీటరు వెడల్పున పొడి తుడిచేసి లోపల పెడితే అంటుకోదు. కొసల మీద పాత గాజు అంటుకుని ఉంటే ప్రతిసారీ రాకి తీసేయండి.

కొలిమికబుర్లు · శనివారం మధ్యాహ్నం

నాకు కిల్న్ లేదు. గ్యాస్ మంట చిమ్మే టార్చ్‌తో చేస్తున్నాను. నన్నడిగితే కొత్తవాళ్ళకు టార్చే మేలు. గాజు ఎలా కరుగుతోందో కళ్ళముందే కనపడుతుంది. కిల్న్ తలుపు వెనక ఏం జరుగుతోందో ఎవరికి తెలుసు?

రేకుపిట్ట · శనివారం మధ్యాహ్నం

ఎలా కరుగుతుందో కాస్త వివరంగా రాయరా అన్నా? నేను గడియారం చూసి తీసేస్తున్నాను తప్ప, చూసి తెలుసుకోవడం రాలేదు.

కొలిమికబుర్లు · శనివారం సాయంత్రం

రాస్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం.

మంట ఎప్పుడూ కిందనుంచే. ఇనుప జాలీ మీద రేకు, దాని అడుగున మంట. గాజుకి మంట నేరుగా తగిలితే, ముఖ్యంగా గాలి తక్కువై పసుపు రంగులో మండే మంటైతే, రంగు మసకబారి పాడైపోతుంది. నీలి మంట పెట్టుకుని వలయాలుగా తిప్పుతూ ఉండాలి.

మొదట పొడి నల్లబడుతుంది. భయపడొద్దు. తర్వాత రేణువులు ఒకదానికొకటి అంటుకుని పంచదార చల్లినట్టు గరుగ్గా కనపడతాయి. ఇంకాసేపటికి గరుకు పోయి కమలాపండు తొక్కలా గుంటగుంటలుగా నిగనిగలాడుతుంది. ఆ తర్వాత కొద్ది సెకన్లలోనే ఆ గుంటలన్నీ పూడి, తడి అద్దంలా నున్నగా పరుచుకుంటుంది. అక్కడ మంట తీసేయాలి. ఇంకా ఉంచితే అంచుల దగ్గర గాజు వెనక్కి జరిగి, రాగి ఆక్సైడు గాజులోకి కరిగి ఆకుపచ్చగానో నల్లగానో మారుతుంది.

లోపలి పొరల్ని నేను కమలాపండు తొక్క దగ్గరే ఆపేస్తాను, చివరి పొర ఒక్కటే అద్దం దాకా తీసుకెళ్తాను. మళ్ళీ మళ్ళీ కొలిమెక్కే పొరని ప్రతిసారీ పూర్తిగా కాల్చడం దేనికి?

గాజుపలుకు · శనివారం సాయంత్రం

కిల్న్‌లో కూడా ఇదంతా చూడొచ్చు, తలుపు ఒక వేలు సందు తీసి చూస్తే చాలు. ఇంతకీ గడియారం ఒక్కదాన్నీ నమ్ముకోకూడదు అన్నది నిజం. తలుపు తీయగానే లోపలి వేడి గబుక్కున పడిపోతుంది. పెద్ద రేకు, బరువైన స్టాండు పెడితే మళ్ళీ పైకెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది. రెండున్నర నిమిషాలన్నది మీ కిల్న్‌కి, ఆ రేకుకి, ఆ రోజుకి మాత్రమే వర్తించే లెక్క.

కళ్ళ విషయం కూడా చెప్పాలి. ఎర్రగా కాలే కిల్న్ లోపలికి రోజూ తొంగి చూస్తే ఇన్‌ఫ్రారెడ్ వేడి కంటి కటకానికి ఏళ్ల మీద హాని చేస్తుంది. కొందరు గులాబి రంగు డిడీమియం కళ్ళద్దాలు పెట్టుకుని సరిపోయిందనుకుంటారు. అవి సోడియం పసుపు వెలుగుని ఆపుతాయి కానీ ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపవు. షేడ్ 3 వెల్డింగ్ కళ్ళద్దాలు పెట్టుకోండి. పొడి చల్లేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. ఆ పొడి గాజే కాదు, అందులో లోహాల ఆక్సైడ్లు ఉంటాయి. పాత నిల్వల్లో సీసం కూడా ఉంటుంది. బల్లని చీపురుతో ఊడ్చొద్దు, తడి గుడ్డతో తుడవండి.

నీలిచుక్క · శనివారం రాత్రి

కిల్న్ లేకుండా చేసే "కోల్డ్ ఎనామిల్" అని కిట్లు అమ్ముతున్నారు కదా, దాంతో మొదలుపెట్టొచ్చా?

సుత్తిపటకారు · శనివారం రాత్రి

అది గాజు కాదు, రెసిన్. దాంతో అందమైన వస్తువులు చేయొచ్చు, తప్పేమీ లేదు. కానీ అది నేర్చుకుంటే ఇది రాదు. దానికి గాజు కంటే తేలిగ్గా గీతలు పడతాయి, ఎండకు పసుపెక్కుతుంది. అసలు ఎనామిల్ రంగు శతాబ్దాలైనా వెలవదు. సైప్రస్‌లోని కూక్లియా దగ్గర తవ్వకాల్లో ఎనామిల్ పొదిగిన బంగారు ఉంగరాలు దొరికాయి. అవి మూడు వేల ఏళ్లకు పైబడినవి.

రేకుపిట్ట · మరుసటి బుధవారం

నల్లచుక్కలు పోయాయి! నీళ్ళ పరీక్ష చేశాక, ఆరబెట్టడానికి అరగంట ఇచ్చాక గుంటలు కూడా లేవు. వెండితీగ గారూ, మీకు రుణపడి ఉంటాను.

ఇప్పుడు పారదర్శక రంగులు మొదలుపెట్టాను. రాగి మీద నేరుగా ఆకుపచ్చ వేస్తే బురద నీళ్ళలా వచ్చింది. లోపలి రాగి మెరుపు కనపడుతుందనుకున్నాను, అదేమీ లేదు.

గాజుపలుకు · బుధవారం రాత్రి

రెండు కారణాలు ఉండొచ్చు.

ఒకటి, పొడి కడిగారా? డబ్బాలో వచ్చే పొడిలో జల్లెడ రేణువులతో పాటు పిండిలాంటి సన్నటి దుమ్ము కూడా ఉంటుంది. అపారదర్శక రంగులకి దాంతో ఇబ్బంది లేదు. పారదర్శక రంగులో మాత్రం ఆ సన్న దుమ్ము గాలిని పట్టి ఉంచి కోట్ల కొద్దీ చిన్న బుడగలు చేస్తుంది, అదే మీరు చూసిన బురద. చిన్న గిన్నెలో పొడి వేసి నీళ్ళు పోసి కలపండి, రేణువులు అడుక్కి దిగాక పైన తేలే పాల నీళ్ళు ఒంపేయండి. నీళ్ళు తేటగా వచ్చే దాకా ఆరేడుసార్లు చేయండి, చివరిసారి డిస్టిల్డ్ నీళ్ళతో. ఆ పాల నీళ్ళని సింకులో పోయకండి, ఒక బకెట్లో పేరబెట్టి అడుగున దిగింది తీసి దాచుకోండి. రంగులన్నీ కలిసిన ఆ మడ్డి వెనకవైపు పూతకి చక్కగా పనికొస్తుంది.

రెండు, అడుగున ఫ్లక్స్ వేయాలి. అతుకులు పెట్టేటప్పుడు వాడే ఫ్లక్స్ కాదు, మన పనిలో రంగులేని పారదర్శక గాజునే ఫ్లక్స్ అంటారు. దాన్ని పలచగా వేసి మిగతా వాటికంటే ఎక్కువ వేడిలో కాల్చండి. తక్కువ కాలితే కింద రాగి ఆక్సైడు మిగిలిపోయి ముదురు ఎరుపుగా, మురికిగా కనపడుతుంది. బాగా కాలితే ఆ ఆక్సైడు గాజులో కరిగిపోయి అడుగున బంగారు రంగు తేలుతుంది. దాని మీద మీ ఆకుపచ్చ వేసి చూడండి.

కొలిమికబుర్లు · బుధవారం రాత్రి

నేను ఎప్పుడూ కడగలేదు, నాకు బాగానే వస్తోంది. కడిగితే సగం పొడి పోతుంది కదా.

గాజుపలుకు · బుధవారం రాత్రి

మీవి దాదాపు అన్నీ అపారదర్శకాలే కదా అన్నా, పెట్టిన ఫొటోలు చూశాను. ఒకే పారదర్శక నీలం కడిగి ఒక ముక్క, కడక్కుండా ఒక ముక్క పక్కపక్కన కాల్చి చూడండి. నేను చెప్పడం కంటే అది చూస్తే తేలిపోతుంది.

కొలిమికబుర్లు · గురువారం సాయంత్రం

చూశాను. మీరు చెప్పిందే నిజం. కడగనిది పొగమంచు పట్టినట్టుంది, కడిగినది లోపలికంటా కనపడుతోంది. ఇన్నాళ్ళూ నా నీలం డబ్బాలో ఇంత వెలుగు దాగుందని తెలియలేదు.

రేకుపిట్ట · ఆదివారం

ఫ్లక్స్ మీద ఆకుపచ్చ అద్భుతంగా వచ్చింది! ఇప్పుడు ధైర్యం చేసి వెండి తీగలతో గళ్ళు కట్టి రంగులు నింపే క్లాయిజనే మొదలుపెట్టాలనుకుంటున్నాను. వెండి రాగి కంటే తక్కువ వేడికి కరుగుతుందని చదివాను. 961 డిగ్రీలంట, నేను కాల్చేది 800. భయం లేదు కదా?

వెండితీగ · ఆదివారం

ఆగండి! దీని మీద నేను చాలా పోగొట్టుకున్నాను, పూర్తిగా చదివి అప్పుడు మొదలుపెట్టండి.

విడిగా వెండి 961 దగ్గర, రాగి 1085 దగ్గర కరుగుతాయి, నిజమే. కానీ ఈ రెండూ ఒకదానికొకటి ఆనుకుని వేడెక్కితే, ఆనిన చోట రెండూ కలిసిపోయి 779 డిగ్రీలకే కరుగుతాయి. మీ కిల్న్ 800 మీద ఉంటుంది. తీగ బోసి రాగిని తాకితే కళ్ళముందే అది రాగిలోకి ఇంకిపోతుంది. మూడు రోజులు కూర్చుని వంచిన నెమలి మెడ నిమిషంన్నరలో మాయమైంది నాకు. అప్పుడు కిల్న్ ముందు కూర్చుని ఏడ్చాను.

అందుకే ముందు ఫ్లక్స్ పొర. అది రాగిని పూర్తిగా కప్పాలి, అంచుల్లో కూడా. దాని మీద జిగురుతో తీగలు నిలబెట్టి, ఫ్లక్స్ మెత్తబడి తీగల పాదాలు అందులో కూరుకునేంత వరకే కాల్చండి. మరీ ఎక్కువ కాలిస్తే తీగ కిందికంటా దిగి రాగిని తాకుతుంది. వెండి రేకులు వేసినా ఇదే జాగ్రత్త. ఆ పలచటి వెండి రేకుకి సూదితో చిల్లులు పొడవండి, లేకపోతే కింది గాలి ఉబ్బుతుంది.

తీగ స్వచ్ఛమైన వెండిదే తీసుకోండి. స్టెర్లింగ్‌లో 7.5 శాతం రాగి ఉంటుంది, అది 800 దాటగానే కరగడం మొదలుపెడుతుంది, పైగా నల్లబడుతుంది. తీగ పావు మిల్లీమీటరు మందం, ఒక మిల్లీమీటరు ఎత్తు అయితే మొదట్లో చేతికి బాగుంటుంది. నిటారు గీత ఒంటరిగా నిలబడదు, ప్రతి తీగకీ ఒక చిన్న వంపైనా ఇవ్వండి.

రంగులు ఒకేసారి నింపేయొద్దు. గడిలో మూడో వంతు నింపి కాల్చండి, మళ్ళీ నింపండి. తీగ ఎత్తుకి వచ్చాక నీళ్ళ కింద సానరాయితో చదును చేయాలి. అప్పుడు మసకగా కనపడుతుంది. బాగా కడిగి, ఒక్క నిమిషం కాలిస్తే మెరుపు తిరిగొస్తుంది.

సుత్తిపటకారు · ఆదివారం రాత్రి

తీగల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ముచ్చట. జపాన్‌లో పేరు ఒకలా ఉన్నా చుట్టరికం లేని ఇద్దరు క్లాయిజనే కళాకారులు, ఇద్దరు నమికవాలు, ఉండేవారు. క్యోటోలో నమికవా యసుయుకి (1845–1927) తీగనే అందంగా చూపించాడు. టోక్యోలో నమికవా సోసుకె (1847–1910) తీగల మధ్య రంగులు నింపి, చివరి కాల్పుకి ముందు తీగలు తీసేసి, కుంచెతో గీసిన బొమ్మలా రంగులు ఒకదాన్నొకటి తాకేలా చేశాడు. ఇద్దరి పనుల ఫొటోలు వెతికి చూడండి. ఒకే పనిముట్టు మీద ఇద్దరికి అంత భిన్నమైన అభిప్రాయాలుండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

జైపూర్ మీనా పనిలో తీగలుండవు, లోహంలోనే గుంటలు చెక్కి రంగు నింపుతారు. ఎక్కువ వేడి కోరే రంగులు ముందు కాలుస్తారు, తక్కువ వేడికే కరిగేవి చివర. ఎరుపు అన్నింటికన్నా నాజూకు. ఈ వరస మీకూ ఉపయోగపడుతుంది రేకుపిట్ట గారూ.

గాజుపలుకు · ఆదివారం రాత్రి

దానికి ముందు మరో పని. మీ దగ్గరున్న ప్రతి రంగుకీ ఒక నమూనా ముక్క చేసుకోండి. అదే రంగు బోసి రాగి మీద, ఫ్లక్స్ మీద, తెలుపు మీద, వెండి రేకు మీద. నాలుగూ నాలుగు రంగుల్లా కనపడతాయి. నోటుపుస్తకంలో వేడి, సమయం, ఎన్నో పొర, అన్నీ రాయండి. బంగారంతో చేసిన గులాబి రంగులు నేరుగా వెండి మీద పడితే గోధుమ రంగుకి తిరుగుతాయి, వాటికి మధ్యలో ఫ్లక్స్ కావాలి. డబ్బా మూత మీది రంగుని నమ్ముకుని ఎవరూ బాగుపడలేదు.

రేకుపిట్ట · మూడు వారాల తర్వాత

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఇరవై రెండు నమూనా ముక్కలు చేశాను. తర్వాత మొదటి క్లాయిజనే. నాలుగు సెంటీమీటర్ల ఉబ్బెత్తు రేకు మీద ఒక ఆకు, రెండు మొగ్గలు. ముందు, వెనక కలిపి తొమ్మిది కాల్పులు. తీగ ఎక్కడా కరగలేదు. సానరాయి పట్టేటప్పుడు మాత్రం చేతులు వణికాయి.

కాల్చి ఇవాళ్టికి పన్నెండో రోజు. రాత్రుళ్ళు ఇంకా చెవి అటే ఉంటోంది. ఏ శబ్దమూ లేదు.

ఆకు ఆకుపచ్చ నేను అనుకున్నట్టే వచ్చింది. మొగ్గలకి పారదర్శక ఎరుపు వేశాను, కింద ఫ్లక్స్ ఉంది, వెండి రేకు లేదు. ఒక మొగ్గ నిప్పుకణంలా ఉంది. పక్కదే, అదే డబ్బా, అదే రోజు, గోధుమ రంగుకి తిరిగింది. ఫొటో పెట్టాను, చూడండి.

వెండితీగ · అదే రోజు

ఫొటో చూసి చాలా సంతోషమేసింది. ఆకు ఈనెల వంపు ఎంత చక్కగా కుదిరిందో.

కిల్న్‌లో గోధుమ రంగు మొగ్గ ఏ వైపు ఉంది, తలుపు వైపా, వెనక గోడ వైపా?

రేకుపిట్ట · అదే రోజు

వెనక వైపండీ. ప్రతిసారీ ఒకే దిశలో పెడుతున్నాను.

వెండితీగ · అదే రోజు

వెనక గోడ దగ్గర వేడి ఎక్కువ ఉంటుంది. ఆ మొగ్గ ప్రతిసారీ పక్కదాని కంటే ఎక్కువ కాలి ఉంటుంది, ఎరుపు అంత ఓర్చుకోదు. వచ్చేసారి సగం సమయం అవగానే రేకుని తిప్పి పెట్టండి. ఎరుపుని చివరి రెండు కాల్పులకే అట్టిపెట్టండి.

గాజుపలుకు · అదే రోజు

నోటుపుస్తకంలో ఆ తొమ్మిది కాల్పుల పేజీ కూడా ఫొటో తీసి పెట్టండి. ఎన్ని డిగ్రీల దగ్గర, ఎంతసేపు ఉంచారో చూస్తే ఎరుపు ఏ కాల్పులో తిరిగిందో పట్టుకోవచ్చు.